మాలమ్‌లో మునిగిన నీళ్ళు

మే నెల, శనివారం రాత్రి

పొద్దున ఆరింటికే మెలకువ వచ్చేసింది. కిటికీ తీశాను. రాత్రంతా సన్నగా కురిసినట్టుంది, గొర్రెపిల్లల అరుపులతో పాటు తడిసిన రాతి వాసన గదిలోకి వచ్చింది. నిన్న మేం చేరేసరికి చీకటి పడిపోయి ఊరు కనబడలేదు. ఈ వాసన తగిలాక గానీ మాలమ్ వచ్చేశామని నమ్మకం కుదరలేదు. బనగానపల్లెలో మా బండల మిద్దె మీద తొలివాన పడినప్పుడు వచ్చే వాసన ఇదే. ఇక్కడా సున్నపురాయే, అక్కడి నాపరాయీ సున్నపురాయే మరి.

ఏడేళ్ళయింది ఇక్కడికి రాక. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉన్నన్నాళ్ళూ ఏటా మే సెలవులకు యార్క్‌షైర్ డేల్స్‌లోని ఈ చిన్న ఊరికి వచ్చి రెండు రాత్రులు ఉండేవాళ్ళం. తర్వాత ఆయన ఉద్యోగం మారి దక్షిణానికి వెళ్ళిపోయాం. ప్రతి ఏడూ అనుకోవడం, ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డుపడటం. కిందటిసారి చిన్నదాన్ని వీపున బుట్టలో మోసుకుని తిరిగాం. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, మాకంటే ముందు బూట్లు వేసుకుని గడపలో నిలబడింది.

ముందు కారులో పైకి, మాలమ్ తార్న్ దగ్గరికి వెళ్ళాం. తార్న్ అంటే కొండల మధ్య చిన్న సరస్సు. సముద్రమట్టానికి 377 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ నీళ్ళను పీల్చేసే సున్నపురాయి ఉండగా ఈ సరస్సు ఎలా నిలిచిందా అనిపిస్తుంది. దాని అడుగున ఉన్నది పలకరాయి, నీళ్ళను దిగనివ్వదు. సరస్సులోంచి బయటపడిన వాగు కొంత దూరం బాగానే పారుతుంది. పలకరాయి అయిపోయి సున్నపురాయి మొదలైన చోట గులకరాళ్ళ మధ్య ఇంకిపోతుంది. పెద్ద గుంట, సుడి, చప్పుడు ఏవీ ఉండవు. పారుతున్న నీళ్ళు పలచబడి, రాళ్ళ సందుల్లోకి దిగి, కనబడకుండా పోతాయి. ఆ చోటి పేరే వాటర్ సింక్స్.

చిన్నది గొంతు కూచుని చాలాసేపు చూసింది. ఒక గడ్డిపరక వేసింది. అది రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది, నీళ్ళు మాత్రం పోయాయి.

"ఎక్కడ తేలుతుందమ్మా?" అనడిగింది.

"కోవ్ కింద" అన్నాను, ఆ పెద్ద రాతిగోడ సంగతి తెలిసినట్టే. ఏడేళ్ళ కిందట అమ్మకూ అదే చెప్పాను.

2017లో అమ్మ మూడు నెలలు మా దగ్గర ఉంది. ఒక శనివారం ఇక్కడికి తీసుకొచ్చాం. మాలమ్ కోవ్ అంటే దాదాపు 80 మీటర్ల ఎత్తు, 300 మీటర్ల వెడల్పున అర్ధచంద్రంలా వంగి నిలబడ్డ తెల్లటి రాతిగోడ. మంచుయుగం చివర కరిగిన నీళ్ళన్నీ దాని మీదుగా జలపాతమై దూకేవట. ఇప్పుడు పైనుంచి చుక్క రాలదు. 2015 డిసెంబర్ 6న, డెస్మండ్ తుపాను రోజున మాత్రం మళ్ళీ పైనుంచి నీళ్ళు దూకాయి. ఊళ్ళో పెద్దవాళ్ళెవరికీ అలాంటిది చూసిన గుర్తు లేదు. మేం లీడ్స్‌లోనే ఉండి కూడా, వరదలకు భయపడి రాలేకపోయాం. ఆ దిగులు నాకిప్పటికీ ఉంది.

గోడ మొదట్లో, రాతి పొరల కిందినుంచి మాత్రం ఏడాది పొడుగునా ఒక వాగు బయటికొస్తుంటుంది. అది చూసి అమ్మ నిలబడిపోయింది. "పాపా, ఇది మన బెలుం గుహల్లో పాతాళగంగ మాదిరే ఉంది సూడు" అంది. మా ఊరివాళ్ళకు బెలుం ఎంతో దూరం కాదు. గుహ లోపల పాతాళగంగ పారుతూ పారుతూ బండల కింద మాయమవుతుంది. అక్కడ మునగడం చూసిన మనిషి, ఇక్కడ తేలడం చూసింది. పైన కొండల్లో సరస్సు నీళ్ళు భూమిలోకి దిగి ఇక్కడ పైకొస్తాయని చెప్పాను. ఆమె వంగి ఆ నీళ్ళతో కళ్ళు తుడుచుకుంది. ఊరికి వెళ్ళాక ఇంటింటా ఈ సంగతే చెప్పిందని మా పిన్ని అంటుండేది.

ఈ రోజు కోవ్ కింద ఒక పెద్దాయన టెలిస్కోపు పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ గోడ మీద బైరి డేగల గూడు చూపిస్తున్నాడు. పెరిగ్రిన్ ఫాల్కన్ అంటారిక్కడ. వేటకు కిందికి దూకేటప్పుడు గంటకు 300 కిలోమీటర్లు దాటే పిట్ట. చిన్నది కన్ను ఆనించి చూసి, అది రెక్క విదిలించుకోవడం కనబడేసరికి ఊపిరి బిగబట్టింది. ఆ సంతోషంలో ఆయనకు తన గడ్డిపరక సంగతీ చెప్పేసింది.

ఆయన నవ్వి, "ఆ నీళ్ళు ఇక్కడికి రావమ్మా" అన్నాడు. నాకు ఒక్కసారిగా ముఖం వేడెక్కింది. వందేళ్ళ కిందటే నీళ్ళలో రంగు కలిపి చూశారట. కోవ్ కింద తేలే వాగు వేరే, అది మూర్ మీద, అంటే పైనున్న కొండబీడు మీద, పాత కొలిమి దగ్గర మునిగిన వాగు. తార్న్ నీళ్ళు చాలామటుకు దీన్ని తప్పించుకుని, ఊరి కిందుగా పోయి, ఊరు దాటాక దక్షిణాన ఏర్ హెడ్ అనే ఊటల దగ్గర పైకొస్తాయి. రెండు దారులూ భూగర్భంలో ఒకదాన్నొకటి దాటుకుంటాయని చేతులు అడ్డంగా పెట్టి చూపించాడు.

అయితే మేం అమ్మకు చెప్పింది తప్పన్నమాట. ఆ మాట మెట్లెక్కుతున్నంతసేపూ మనసులోనే ఉంది.

మెట్లు లెక్కపెట్టాను. కిందటిసారి అమ్మ మోకాళ్ళ నొప్పితో కిందే వాగు పక్కన కూచుండిపోయింది. "తిరుమలకు మూడువేల చిల్లర మెట్లెక్కిన దాన్ని, దీన్ని చూసి కూచోవలసొచ్చెనే" అని బాధపడింది. మేం దిగి వచ్చాక మొదట అడిగింది "ఎన్ని మెట్లుండాయి?" అని. నేను లెక్కపెట్టలేదు. ఈసారి పెట్టాను, 400 పైనే. మధ్యలో చిన్నది రెండుసార్లు మాట్లాడించింది కనక అటూ ఇటూ అయి ఉండొచ్చు.

పైన ఆ రాతిబయలు. దీనికోసమే నేను ఇన్నేళ్ళూ తపించింది. మా వైపు నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలిస్తుంది కదా, అలా ఒక పొలమంతా రాయై నెర్రెలిచ్చినట్టు ఉంటుంది. బండను క్లింట్ అంటారు, నెర్రెను గ్రైక్ అంటారు. మంచుగడ్డలు మట్టిని గీకేసి పోతే, రాతిలోని పగుళ్ళను వేల ఏళ్ళ వాన కరిగించి వెడల్పు చేసింది. కొన్ని నెర్రెల్లో నా చెయ్యి భుజందాకా దిగింది. కింద చల్లగా, చెమ్మగా ఉంది. గొర్రెల నోరు అందదు, గాలి తగలదు, అందుకే లోపల ఫెర్న్ మొక్కలు పచ్చగా, ఎవరో దాచిపెట్టుకున్న తోటలా పెరుగుతున్నాయి. బోర్లా పడుకుని ఒక్కొక్క నెర్రెలోకీ తొంగి చూశాం, నేనూ చిన్నదీ. మా ఆయన బండ మీద చిత్రాన్నం డబ్బా విప్పి పిలుస్తూనే ఉన్నాడు.

ఈ రాయి పుట్టింది 30 కోట్ల ఏళ్ళకు పైనే, వెచ్చటి లోతులేని సముద్రంలో. అప్పుడీ నేల భూమధ్యరేఖకు దగ్గర్లో ఉండేది. మన ఎండల్లాంటి ఎండలు చూసిన రాయి ఇది. చెప్పులు విప్పి నిలబడ్డాను. అరికాలికి మా ఇంటి వసారా తగిలింది.

చిన్నది ఒక ముక్క జేబులో వేసుకోబోతే వద్దన్నాను. ఒకప్పుడు ఇళ్ళ ముందు తోటల అలంకరణకని ఇలాంటి బండలను ఎక్కడెక్కడో పెకలించి అమ్ముకున్నారు. పోయిన బయలు మళ్ళీ రాదు. 1981 చట్టం వచ్చాక వీటికి రక్షణ దొరికింది. అది ముక్కను తీసిన చోటే సర్ది పెట్టింది.

అక్కడినుంచి పొలాల మీదుగా గార్డేల్ స్కార్‌కు నడిచాం. నిటారు కొండల ఇరుకులో దూకే జలపాతం. జనం ఎక్కువగా ఉన్నారు, పక్కన రాళ్ళెక్కే ధైర్యం నాకు లేదు, తొందరగానే తిరిగొచ్చాం.

జానెట్స్ ఫాస్ అడవిలోకి అడుగు పెట్టకముందే వెల్లుల్లి వాసన. మే నెలలో ఆ చెట్ల కింద నేల కనబడదు, అంతా అడవి వెల్లుల్లే, తెల్లటి చుక్కల్లాంటి పూలతో. ఆ రోజు అమ్మ ఒక ఆకు నలిపి వాసన చూసి, "ఇంత వెల్లుల్లి పెట్టుకుని వీళ్ళు కారం నూరుకోరా?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. చివర చిన్న జలపాతం, దాని వెనక గుహలో జానెట్ అనే దేవకన్యల రాణి ఉంటుందని ఇక్కడివాళ్ళ కథ. ఒకప్పుడు ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను ఆ మడుగులోనే కడిగేవాళ్ళట.

అడవి మాత్రం పలచబడింది. నాకు గుర్తున్నంత నీడ లేదు. యాష్ చెట్లకు బూజు తెగులు సోకింది. బ్రిటన్‌లో 2012లో బయటపడ్డ జబ్బు, ఆకు మాడ్చి కొమ్మలను పైనుంచి ఎండబెట్టుకుంటూ వస్తుంది. మే నెలలోనూ మోడుగా ఉన్న కొమ్మలు, దారి పక్కన నరికిన మొద్దులు చాలా కనిపించాయి. 2017లో చిన్నదాన్ని పడుకోబెట్టిన చెట్టును వెతికాను. ఏదో పోల్చుకోలేకపోయాను. ఉందో, కొట్టేశారో. ఆ ఒక్కచోట నాకు నడక సాగలేదు.

కాళ్ళు నొప్పులంటున్నా చిన్నది ఏర్ హెడ్ చూడాల్సిందేనంది. ఊరు దాటి దక్షిణం వైపు పచ్చికలో పది నిమిషాల నడక. కోవ్‌లా గోడ లేదు, చూసేవాళ్ళు లేరు. చిన్న గట్టు కింద గడ్డిలోంచి నీళ్ళు బుగబుగా ఉబికి వస్తున్నాయి. రెండు గొర్రెలు నీళ్ళు తాగుతూ మమ్మల్ని చూశాయి. చిన్నది తన గడ్డిపరక కోసం నిజంగానే వెతికింది.

నేను మాత్రం పేరు దగ్గరే ఆగిపోయాను. ఏర్ హెడ్. ఇక్కడినుంచి కిందికి పారేది ఏర్ నది. స్కిప్టన్ మీదుగా లీడ్స్‌కు పోయే నది. మా పాత ఇంటి కిటికీ కింద పారిన నది. అమ్మ ఆ మూడు నెలలూ పొద్దున కాఫీ గ్లాసుతో ఆ కిటికీ దగ్గరే కూచునేది. నది పేరు చెబితే, "ఏరు పేరు ఏరేనా!" అని మురిసిపోయింది.

గదికి వచ్చాకే ఫోను పలికింది, ఊళ్ళో సిగ్నల్ లేదు. ఇక్కడ సాయంత్రం అయిదు, అమ్మకు రాత్రి తొమ్మిదిన్నర. పడుకోబోతోంది. మెట్లు నాలుగు వందల పైనే అన్నాను. "అంతేనా, ఎక్కుంటే సరిపోయేది" అంది. తర్వాత నీళ్ళ సంగతి మొత్తం చెప్పాను, నేను చెప్పింది తప్పని, రెండు వాగులని, ఒకదాని కింద ఒకటి దాటి పోతాయని, తార్న్ నీళ్ళు ఊరవతల తేలి లీడ్స్ దాకా పోతాయని.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"అయితే పాపా," అంది, "నేను కిటికీలోంచి దినామూ చూసిన ఏరు, అదేనా?"