గోదావరి మట్టిలో ఆకు మైనం

ఆకు మీద మైనపు పొర ఒకటి ఉంటుంది. ఆకు రాలి కుళ్లిపోయినా, ఆ మైనంలోని ఆల్కేన్లు అనే పొడవాటి హైడ్రోకార్బన్లు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే గొలుసు అణువులు) అంత సులువుగా నశించవు. మట్టి రేణువులను అంటిపెట్టుకొని వరదలో కొట్టుకుపోయి, సముద్రగర్భంలో వేల ఏళ్లు నిలిచి ఉంటాయి. గోదావరి సాగరసంగమానికి ఎదురుగా బంగాళాఖాతంలో 2006లో గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న సహజవాయువు) అన్వేషణకు తవ్వి తీసిన అవక్షేప స్తంభం, అంటే అడుగున పేరుకున్న మట్టి పొరల కడ్డీ, నుంచి 2012లో వెలువడిన ఒక అధ్యయనం ఇటువంటి ఆకు మైనపు అణువుల మీదే ఆధారపడింది.

కొలవడం కన్నా ముందు విడదీయాలి; అసలు పని అదేనని నా అభిప్రాయం. ద్రావకాలతో మట్టి నుంచి రాబట్టిన సారంలో కొవ్వు ఆమ్లాలు, స్టెరాల్స్, రంగు పదార్థాలు అన్నీ కలిసి ఉంటాయి. దానిని సిలికా జెల్ నింపిన గాజు గొట్టంలో వేసి హెక్సేన్ అనే ద్రావకం పోస్తే, సిలికాకు అంటుకోని ఆల్కేన్లు ముందుగా దిగివస్తాయి. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్ ఆకుల రంగులను విడదీసినదీ ఇటువంటి సూత్రంతోనే.

ఆ ఆల్కేన్లను గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (పదార్థాలను ఆవిరిగా మార్చి విడదీసే పరికరం) లోకి పంపితే, సాధారణంగా 30 మీటర్ల పొడవుండే సన్నని గొట్టంలో, వేడి పెరిగేకొద్దీ పొట్టి గొలుసులు ముందు, పొడవైనవి తరువాత బయటికి వస్తాయి. మొక్కలు గొలుసును రెండేసి కార్బన్ల చొప్పున పెంచి చివరకు ఒకటి తీసివేస్తాయి గనుక, పరికరం గీసే రేఖాచిత్రంలో 27, 29, 31 కార్బన్ల శిఖరాలు ఎత్తుగానూ, నడుమ ఉన్న 28, 30 పొట్టిగానూ కనిపిస్తాయి. పెట్రోలియం కలిసిన మట్టిలో ఈ తేడా దాదాపు చెరిగిపోతుంది. ప్లాస్టిక్ సీసా తగిలినా థాలేట్ల (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) శిఖరం లేస్తుంది కాబట్టి, మట్టి లేకుండా ఇవే దశలు నడిపిన ఖాళీ నమూనాను చూపని ఫలితాన్ని నేను నమ్మను.

శిఖరాలు ఇలా విడివడ్డాకే ఒక్కొక్కదానిని కార్బన్ డయాక్సైడ్‌గా మండించి కార్బన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) నిష్పత్తిని కొలవగలరు. చెట్ల మైనానికీ, ఉష్ణమండలపు గడ్డి మైనానికీ ఈ నిష్పత్తి వేరుగా ఉంటుంది. గోదావరి స్తంభంలో సుమారు 4000 ఏళ్ల క్రితం నుంచి 1700 ఏళ్ల క్రితం వరకు పొడి వాతావరణానికి ఓర్చే, ఆ గడ్డి వంటి మొక్కల వాటా క్రమంగా పెరిగినట్లు తేలింది. అయితే జొన్న కూడా ఆ గడ్డి కోవకే చెందుతుంది. అడవి కొట్టి చేను వేసినా కార్బన్ ఐసోటోపులు అటువైపే జరుగుతాయి. వానను గురించి నేరుగా అడగాలంటే అవే ఆల్కేన్లలోని హైడ్రోజన్ ఐసోటోపులను కొలవాలి, అందుకు మరింత మట్టి కావాలి.