క్యారీ కొలిమి నుంచి మనీలా రేవు దాకా

విశాఖ ఉక్కు కర్మాగారంలో నేను పనిచేసిన బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి) పేరు గోదావరి. పక్కది కృష్ణ, ఆ తర్వాత వచ్చింది అన్నపూర్ణ. ఫర్నేసులకు ఇలా ఆడపేర్లు పెట్టుకోవడం అమెరికాలోనూ పాత అలవాటే. లూసీ, ఇసబెల్లా, డొరొతీ... వాటిలో క్యారీ మాత్రం పిట్స్‌బర్గ్ పక్కన రాంకిన్‌లో, మొనాంగహేలా నది ఒడ్డున ఇంకా నిలబడి ఉంది. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, చూసి తీరాలని నేను పట్టుబట్టిన చోటు ఇదే.

1907లో కట్టిన 6, 7 నంబర్ల ఫర్నేసులు ఇక్కడ మిగిలాయి. ఎత్తు 92 అడుగులు. 1978లో ఆరిపోయాయి. కరిగిన ఇనుమును బయటికి వదిలే కాస్ట్ హౌస్‌లో అడుగుపెట్టగానే ఎవరూ చెప్పకుండానే అన్నీ గుర్తుపట్టాను: ఇనుము బయటికొచ్చే ట్యాప్ హోల్ ఇది, దాన్ని మట్టితో మూసే మడ్ గన్ అది, కరిగిన ఇనుము పారే రన్నర్ అనే కాలువ ఇటు, స్లాగ్ అనే మడ్డి అటు. మంచి రోజుల్లో క్యారీలో ఒక్కో ఫర్నేసు రోజుకు వెయ్యి టన్నుల పైచిలుకు ఇనుము దించేదట. మా గోదావరి దించేది అంతకు మూడు రెట్ల పైనే. అయినా క్యారీ ముందు నాకు చేతులు జోడించాలనిపించింది. ఇంత సరంజామా మధ్య, మాకున్నన్ని యంత్రాల ఆసరా లేకుండా, ఆ వేడిలో మనుషులు ఎలా నిలబడ్డారో ఆ పని చేసినవాడికే తెలుస్తుంది.

మాకు ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) మీద కొండలు దిగి వస్తుంది. కొలిమికి కావాల్సిన కోక్ తయారయ్యే కోకింగ్ బొగ్గు కోసం మాత్రం ఆస్ట్రేలియా ఓడల వైపు చూడాలి. పిట్స్‌బర్గ్‌కు ఆ బెంగ లేదు. మిన్నెసోటాలోని మెసాబీ గనుల ఖనిజం పెద్ద సరస్సుల మీద ఓడల్లో వచ్చి రైలెక్కేది. మేలు రకం కోక్ పక్కనున్న కానల్స్‌విల్‌లోనే తయారయ్యేది. ఆ ఉక్కు కొనడానికి దేశమంతా రైలు పట్టాలు వేసేవాళ్లున్నారు. విదేశీ ఉక్కు రాకుండా దిగుమతి సుంకాలు అడ్డం. 1900 నాటికి అమెరికా ఏడాదికి దాదాపు కోటి టన్నుల ఉక్కు తీస్తుంటే, బ్రిటన్ తీసింది అందులో సగం.

క్యారీలో కరిగిన ఇనుము లేడిళ్లలో (పెద్ద గంగాళాల్లాంటి పాత్రల్లో) వంతెన దాటి ఆవలి ఒడ్డున హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం చేరేది. మేమూ ఆ ఒడ్డుకు వెళ్లాం. 1986లో మూతపడ్డ కర్మాగారం స్థలంలో ఇప్పుడు పెద్ద షాపింగ్ సెంటర్ ఉంది. గుర్తుగా 12 పొగగొట్టాలను వరుసగా ఉంచారు. కొంచెం అవతల, నది పక్కన, ఇటుకలతో కట్టిన పాత పంప్ హౌస్. నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే. యూనియన్‌తో గొడవలో కంపెనీ పిలిపించిన ప్రైవేటు భద్రతా మనుషులు, దాదాపు 300 మంది పింకర్టన్ ఏజెంట్లు, 1892 జులై 6 తెల్లవారుజామున బార్జీల్లో వచ్చి దిగబోయింది ఈ ఒడ్డునే. యజమాని ఆండ్రూ కార్నెగీ స్కాట్లండ్‌లో ఉన్నాడు. వ్యవహారం నడిపింది హెన్రీ ఫ్రిక్. ఆ రోజు కాల్పుల్లో కార్మికులూ ఏజెంట్లూ కలిపి పదిమందైనా పోయారు. తర్వాత రాష్ట్ర సైనిక దళాలు దిగాయి, సమ్మె ఓడింది, యూనియన్ చెదిరిపోయింది. అమెరికా ఉక్కు మిల్లుల్లో 12 గంటల షిఫ్టు 1923 దాకా పోలేదు. ఎనిమిది గంటల షిఫ్టు చేసి ఇంటికొచ్చి పడిపోయిన నేను దీన్ని తేలిగ్గా చదవలేను.

ఆ హోమ్‌స్టెడ్‌లోనే అమెరికా నౌకాదళానికి కవచపు పలకలు చేశారు. సమ్మె జరిగిన ఆరేళ్లకు, 1898 మేలో, మనీలా రేవులో స్పెయిన్ నౌకలను అమెరికా ఒక్క పూటలో ముంచేసింది. ఆ దాడిని నడిపించిన యుద్ధనౌక ఒలింపియా ఫిలడెల్ఫియాలో ఉందని తెలిసి రైలెక్కాం. బ్రాడక్ దగ్గర ఎడ్గర్ థామ్సన్ కర్మాగారం కిటికీలోంచే కనిపించింది. 1875లో మొదలై ఇంకా నడుస్తోంది. 1901లో ప్రపంచంలోనే తొలి వందకోట్ల డాలర్ల కంపెనీగా పుట్టిన యూఎస్ స్టీల్‌ది అది. 2025లో ఆ కంపెనీని జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్ కొనుక్కుంది. మా ప్లాంటును అమ్మాలని 2021లో కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి ఇలాంటి వార్త ఏదైనా నాకు గుండెలో కలుక్కుమంటుంది.

డెలావేర్ నదిలో లంగరేసిన ఒలింపియాలో పైడెక్కు మీద, మనీలా దాడికి నాయకత్వం వహించిన అడ్మిరల్ డ్యూయీ నిలబడ్డ చోట కంచు పాదముద్రలు అమర్చారు. ఫొటోలన్నీ అక్కడే తీసుకుంటారు. నన్ను పట్టేసింది కింది ఇంజన్ గదులు. డ్యూయీ గెలుపు తర్వాత అమెరికా 2 కోట్ల డాలర్లిచ్చి స్పెయిన్ నుంచి ఫిలిప్పీన్స్‌ను తీసుకుంది. స్వాతంత్ర్యం కోరిన ఫిలిప్పీనోలతో 1899 నుంచి 1902 దాకా యుద్ధం చేసింది. ఆకలికీ రోగాలకూ తూటాలకూ అక్కడి సామాన్యులు 2 లక్షల మంది దాకా పోయి ఉంటారని అంచనా. కార్నెగీ ఆ ఆక్రమణను గట్టిగా వ్యతిరేకించాడు. నిజాయితీగానే వ్యతిరేకించాడని నమ్ముతాను. కానీ తన కొలిమిలో పుట్టిన బలం ఎక్కడికి పోవాలో చెప్పే అధికారం అప్పటికి ఆయన చేతిలోనూ లేదు, హోమ్‌స్టెడ్ కార్మికుడి చేతిలో అసలే లేదు.

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే మనవాళ్లు ఎందరో. అక్కడి నుంచి క్యారీకి కారులో అరగంట పట్టదు. చలికాలం తప్పించి, మే నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి. వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.