ముందు చక్రంలో రెండు శబ్దాలు

గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటగానే హ్యాండిల్ కింది నుంచి సన్నని రొద మొదలయ్యేది. 55 దగ్గరికి వచ్చేసరికి అది ముదిరి, అరచేతులకు తెలిసేంత వణుకుగా మారేది. విజయవాడ సింగ్ నగర్ నుంచి గన్నవరం దాకా రోజూ ఉద్యోగానికి వెళ్లివచ్చే 125 సీసీ బండి నాది. హైవే మీద లారీల పక్కన వెళ్తూ ముందు చక్రం మీద అనుమానం పెట్టుకోవడం ఎంత కష్టమో ఆ దారిలో తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పంక్చర్ షాపులో అడిగితే టైరు పోయిందన్నారు. వీధి చివరి మెకానిక్ బేరింగు, అంటే ఇరుసు మీద చక్రం తేలిగ్గా తిరిగేలా చూసే గుండ్ల రింగు పోయిందన్నారు. ఇద్దరూ చక్రం విప్పకుండానే చెప్పారు. ఏదో ఒకటి మార్చేసి చూడమన్నవాళ్లూ ఉన్నారు. ముందు చక్రం విషయంలో ఆ పద్ధతి నాకు నచ్చదు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది. వెనక చక్రం జారితే నిలదొక్కుకోవచ్చు గాని, ముందుది జారితే ఆ వ్యవధి కూడా దొరకదు. శబ్దం ఎక్కడిదో తేలాకే డబ్బు ఖర్చు పెట్టాలనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే, జనం లేని సర్వీసు రోడ్డు మీద మొదలుపెట్టాను. వేగం అందుకున్నాక క్లచ్ పట్టి ఇంజను జోరు తగ్గించాను. రొదలో మార్పు లేదు, అంటే ఇంజనుది కాదు. తర్వాత ముందు బ్రేకు మీటను తగిలీ తగలనట్టు పట్టాను. డిస్కుకు ప్యాడ్లు రాసుకుంటుంటే చక్రం తిరిగినప్పుడల్లా లయగా వచ్చే సిక్ సిక్ శబ్దం అక్కడ ఆగిపోవాలి, లేదా మారాలి. నా బండిలో మారలేదు. ఇక ఖాళీ రోడ్డు చూసి బండిని కొద్దిగా ఎడమకూ కుడికీ వాల్చాను. అప్పుడు తేడా తెలిసింది. నిటారుగా ఉన్నప్పుడు బొంగురుగా ఉన్న శబ్దం, వాలినప్పుడు ఊళ వేసినట్టు పైకి లేచింది. తారు రోడ్డు వదిలి మా కాలనీ సిమెంటు రోడ్డు ఎక్కితే ఆ ఊళ స్వరం మళ్లీ మారింది. రోడ్డును బట్టి, వాలును బట్టి మారేది టైరు శబ్దం. కానీ దాని అడుగున గరగరమంటూ ఇంకొకటి ఉంది. అది ఏ రోడ్డు మీదైనా, ఎటు వాల్చినా ఒకేలా ఉంది, వేగంతోపాటే పెరుగుతోంది. ఒక్క రొద అని అంతా అనుకుంటున్నది రెండు శబ్దాలని నాకు అక్కడే గట్టిగా అనిపించింది.

ఇంటికి వచ్చి బండికి మెయిన్ స్టాండు వేశాను. మా తమ్ముడు వెనక సీటును కిందికి నొక్కిపట్టుకుంటే ముందు చక్రం గాలిలోకి లేచింది. చేత్తో తిప్పి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇరుసు నట్టు మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకున్నాను. వైద్యులు స్టెతస్కోపుతో విన్నంత స్పష్టంగా లోపలి గరగర వినిపించింది. ఇలా చేసేటప్పుడు స్క్రూడ్రైవరు గాని, చొక్కా చేతులు గాని తిరిగే చక్రంలోకి పోకుండా చూసుకోవాలి. చక్రాన్ని నెమ్మదిగా, చేత్తో తిప్పితే చాలు.

ఆ తర్వాత చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలుండే చోట్ల పట్టుకుని అడ్డంగా ఊపాను. టక్కుమని చిన్న కదలిక ఉంది. 3, 9 దగ్గర పట్టుకుని ఊపినా అదే. అది బేరింగుల వదులు. అంతటితో ఆపకుండా, చక్రాన్ని చెరో పక్కన పట్టుకుని ఉండే రెండు ఫోర్కు గొట్టాల అడుగు భాగాలను పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూశాను. మా తమ్ముడు హ్యాండిల్ కింద, ఫోర్కు ఛాసిస్‌కు కలిసే చోట వేలు పెట్టి, అక్కడ కూడా కదులుతోందన్నాడు. హ్యాండిల్‌ను మెల్లగా ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పితే సరిగ్గా మధ్యలో, గాడిలో పడినట్టు చిన్నగా పట్టేస్తోంది. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరగడానికి ఆ చోట ఉండే బేరింగుల జత, అరిగిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు.

ఇన్నీ ఒకేసారి ఎందుకు పాడయ్యాయంటే, మా ప్రాంతం వాళ్లకు జవాబు వెంటనే తడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. మా వీధిలో బండ్లన్నీ మునిగాయి. నీళ్లు తీశాక మెకానిక్కుల దగ్గర క్యూలు కట్టాం. ఇంజను ఆయిల్ మార్చారు, ప్లగ్గు తుడిచారు, ఎయిర్ ఫిల్టరు కొత్తది వేశారు, బండి స్టార్టయింది. ఆ రద్దీలో స్టార్టయిన బండిని ఇంకా విప్పి చూసే తీరిక ఎవరికీ లేదు. బురద నీళ్లు బేరింగు సీలు దాటి లోపలికి పోయి, గ్రీజును చెడగొట్టి, నెలల తర్వాత తుప్పుగా బయటపడ్డాయి.

ఆటోనగర్‌లో పెద్దాయన ఒకరు చక్రాల పని జాగ్రత్తగా చేస్తారని విని ఆయన దగ్గరికి వెళ్లాను. నేను చూసినవన్నీ చెబితే ఓపికగా విన్నారు.

"ముందు బేరింగులు మార్చి ఒకసారి తిరిగి చూద్దాం మాస్టారూ. అన్నీ ఒకేసారి మారిస్తే దేని వల్ల ఏం పోయిందో మీకు తెలియదు" అన్నారు. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఇరుసు లాగి చక్రం బయటికి తీశారు. డిస్కు లేని వైపు బేరింగు కొంత నయం. డిస్కు వైపు దాంట్లో మాత్రం గ్రీజు బదులు గోధుమ రంగు ముద్ద ఉంది. లోపలి రింగులో వేలు పెట్టి తిప్పితే ఇసుక మీద తిరిగినట్టు ఉంది. నా బండికి పట్టే బేరింగు నంబరు 6301, అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 37, మందం 12. నంబరు వెనక 2ఆర్ఎస్ అని ఉన్నవి అడిగి తీసుకున్నాను. రెండు వైపులా రబ్బరు సీలు ఉంటుందని దాని అర్థం. రేకు మూత ఉన్న జెడ్‌జెడ్ రకం కంటే నీళ్లకు అదే మేలు.

బిగించేటప్పుడు పక్కన ఉన్న కుర్రవాడు కొత్త బేరింగు మధ్య రింగు మీద సుత్తి వేయబోతే పెద్దాయన ఆపారు. దెబ్బ లోపలి రింగు మీద పడితే ఆ బలం గుండ్ల గుండా వెళ్లి, అవి దొర్లే గాడి (రేసు) మీద గుంటలు పడతాయి, కొత్త బేరింగు కొద్ది రోజులకే మళ్లీ కూతపెడుతుంది. బయటి రింగు అంచుకు సరిపోయే సాకెట్ పెట్టి, సమానంగా దించారు. రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం లాంటి స్పేసరును కూడా తుడిచి, కొసలు అరగలేదని చూశాకే లోపల పెట్టారు. అది లేకపోయినా, పొట్టిదైనా, ఇరుసు నట్టు బిగించగానే బేరింగులు పక్కలకు నొక్కుకుపోతాయి. చక్రాల పనిలో అందరూ తేలిగ్గా తీసుకునేది ఆ గొట్టాన్నే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ అదే.

రామవరప్పాడు రింగు కూడలి దాకా వెళ్లివచ్చాను. గరగర పూర్తిగా పోయింది. వాల్చినప్పటి ఊళ మాత్రం అలాగే ఉంది.

ఇక టైరు. అరచేతిని దాని మీద ఒక దిక్కుగా నిమిరితే నున్నగా ఉంది, ఎదురు దిక్కుగా నిమిరితే రంపం పళ్లలా గుచ్చుకుంది. టైరు పైనున్న ప్రతి రబ్బరు గడి ఒక అంచున ఎక్కువగా, ఇంకో అంచున తక్కువగా అరిగింది. ముందు టైరు బ్రేకుల ఒత్తిడికి కొంత ఇలా అరగడం మామూలే. గాలి తక్కువైనా, కోన్ సెట్ వదులై చక్రం సన్నగా అదురుతున్నా అది త్వరగా ముదురుతుంది. లోతు చూస్తే, అరుగుదల గుర్తుకు ఇంకా పైనే ఉంది. కానీ పక్క గోడల మీద సన్నని పగుళ్లు వచ్చాయి. తయారీ గుర్తులోని నాలుగంకెలు 1421, అంటే 2021లో 14వ వారం. తిప్పి వేస్తే ఇంకొన్నాళ్లు వస్తుందని ఒకరు సలహా ఇచ్చారు. టైరు మీద తిరిగే దిక్కుకు బాణం గుర్తు ఉన్నప్పుడు దానికి ఎదురుగా వేయడం నాకు ఒప్పలేదు. ముందు చక్రం కాబట్టి అసలే ఒప్పలేదు.

ముందు కోన్ సెట్ మార్పించి, తర్వాతే టైరు వేయించాను. ఈ వరుస తప్పితే కొత్త టైరు కూడా అదే రంపంలా అరిగేది. 80/100-18 ట్యూబ్‌లెస్ టైరు, బాణం సరిచూసుకుని, తేలికైన చోటును సూచించే పసుపు చుక్కను వాల్వు దగ్గరికి తెచ్చి ఎక్కించారు. అంచులకు సబ్బు నీళ్లు రాసి గాలి కొడితే టప్‌మని రెండు వైపులా కూర్చుంది. రిమ్ము పక్కన టైరు మీద చుట్టూ ఒక సన్న గీత ఉంటుంది. ఆ గీతకూ రిమ్ముకూ మధ్య ఎడం అంతటా ఒకేలా ఉందో లేదో చక్రం తిప్పి చూశాను. ఒక చోట లోపలికి పోయి ఉంటే బండి గెంతుతున్నట్టు నడుస్తుంది, ఆ తప్పును మళ్లీ బేరింగు మీదికే నెడతారు. గాలి 25 పాయింట్లు, టైరు చల్లగా ఉన్నప్పుడు.

కొత్త టైరు పైపొర జారుతుంది కనుక మొదట్లో గట్టి బ్రేకులు, మలుపుల్లో వాల్చడం మానుకున్నాను. గన్నవరం దారిలో 60 మీద కూడా ఇప్పుడు గాలి చప్పుడే తప్ప ఇంకేమీ వినిపించదు. వాటర్ సర్వీసింగు చేయించేటప్పుడు ఇరుసు దగ్గర నేరుగా ప్రెషరు గన్ను పెట్టవద్దని దగ్గరుండి చెబుతున్నాను.

వెనక చక్రం కూడా అవే నీళ్లలో నానింది కదా అని, శబ్దం లేకపోయినా దాన్నీ విప్పించాను. తుప్పు అప్పటికే మొదలైంది, బేరింగులు మార్చేశాం. ఈ సంగతి మా వీధిలో చెప్పాక ఎదురింటి బాబాయ్ గారు తన స్కూటరు ముందు చక్రం విప్పించారు. ఆయన బేరింగులో గ్రీజు అసలు లేదు. పక్క వీధిలో రెండు బండ్లు ఈ వారం ఆటోనగర్ వెళ్తున్నాయి.