60 నుంచి సున్నాకు: ప్రెడ్నిసొలోన్‌తో 24 వారాలు

పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు, మూత్రంలో సబ్బు నీళ్ళలాంటి నురగ. ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు చూపించుకోవాల్సింది కిడ్నీలనే. నేను అలర్జీ అనుకుని పది రోజులు సెట్రిజిన్ మింగాను, దండగ. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది కాబట్టి మా జిల్లావాళ్ళు కిడ్నీ డాక్టరు కోసం చెన్నైకో వేలూరుకో పరుగెత్తక్కర్లేదు.

24 గంటల మూత్రం పట్టమన్నప్పుడు చాలామంది ఒకచోట తప్పు చేస్తారు. మొదటి రోజు పొద్దున పోసింది పారబోయాలి. ఆ తర్వాత పోసిందంతా క్యానులో పట్టి, మర్నాడు అదే వేళకు పోసిన మొదటిది కూడా అందులో కలపాలి. నాకు 8 గ్రాముల ప్రొటీన్ వచ్చింది. 3.5 దాటితే నెఫ్రోటిక్ లెక్క, అంటే కిడ్నీ ప్రొటీన్‌ని మూత్రంలోకి విపరీతంగా వదిలేసే జబ్బు. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 1.9కి పడిపోయింది. బయాప్సీలో మినిమల్ చేంజ్ డిసీజ్ అని తేలింది. మామూలు మైక్రోస్కోపు కింద కిడ్నీ ఇంచుమించు బాగానే ఉన్నట్టు కనబడుతుంది, తేడా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గానీ తెలియదు. ఆ పేరు అందుకే. పెద్దవాళ్ళకొచ్చే నెఫ్రోటిక్ జబ్బుల్లో స్టెరాయిడ్‌కి బాగా లొంగేది ఇదే.

కార్టిజోన్ అనే స్టెరాయిడ్‌ని 1948లో మొదట కీళ్ళవాతం రోగికిచ్చి చూశారు. రెండేళ్ళకే, 1950లో, దానికి నోబెల్ వచ్చింది. నాకు రాసిచ్చిన ప్రెడ్నిసొలోన్ దాని తర్వాతి తరం మందు, అదే మోతాదుకు ఉప్పూ నీళ్ళూ ఒంట్లో నిలబెట్టడం తక్కువ. తక్కువేగానీ లేకపోలేదు.

మోతాదు కిలోకి 1 మిల్లీగ్రాము, 80కి మించదు. వాపుతో నా బరువు 68 చూపించింది, కానీ వాపుకు ముందున్న 60 కిలోలకే లెక్క కట్టారు. అంటే 20 మిల్లీగ్రాముల మాత్రలు మూడు, పొద్దున 8 లోపల, టిఫిన్ తిన్నాక ఒకేసారి. అడ్రినల్ గ్రంథి తయారుచేసే ఒంటి సొంత స్టెరాయిడ్ కార్టిసాల్ ఎక్కువుండేది తెల్లవారుజామునుంచి పొద్దున దాకా, మాత్ర కూడా ఆ వేళకే వేస్తే ఆ గ్రంథికి దెబ్బ కాస్త తక్కువ. రాత్రి వేసుకున్నవాళ్ళకి నిద్ర ఉండదు. మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, షుగర్, బీపీ చూడాలి. లోపల నిద్రపోతున్న టీబీనో కామెర్ల వైరస్‌నో ఈ మందు లేపగలదు.

షుగర్ సంగతి విడిగా చెప్పాలి. పొద్దున మాత్ర వేసుకున్నవాడికి పరగడుపున 95 ఉండి, మధ్యాహ్నం భోంచేసిన రెండు గంటలకు 240 ఉండొచ్చు. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని నాకేం లేదు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. భోజనం తర్వాతే చూడాలి. ఆకలి మటుకు రాక్షసంగా వేస్తుంది. లడ్డూలో ఉప్పు లేదు కదా అని చుట్టాలు తెచ్చిన ప్రసాదం వరసగా లాగించకండి, అందులో ఉన్నది చక్కెర.

ఇక ఉప్పు. రోజుకు ఒక టీ స్పూను, సుమారు 5 గ్రాములు, అంతకు మించకూడదు. అది కూడా అన్నిటికీ కలిపి. చిత్తూరు ఇళ్ళల్లో దీన్ని చెడగొట్టేది కూర కాదు, సంగటి పక్కన వేసుకునే ఊరిబిండి, ఊరగాయ, అప్పడం, వడియాలు. బోండాల్లో, బజ్జీల్లో వేసే వంటసోడా కూడా సోడియమే. నేను సంగటి మానలేదు, ఉప్పు లేకుండా గెలికి పచ్చిపులుసులో నిమ్మకాయ ఎక్కువ పిండుకున్నాను. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ రోగి డాక్టర్ని అడక్కుండా వాటి జోలికి పోకూడదు. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివీ వద్దు. కిడ్నీకి చెడ్డవి, స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండ్లకు దారి.

జబ్బు తగ్గుతోందా లేదా అన్నది ఇంట్లోనే తెలుస్తుంది. గాజు పరీక్షనాళికలో పొద్దున మొదటి మూత్రం మూడింట రెండొంతులు పోసి, పట్టుకారుతో అడుగున పట్టుకుని, పైభాగాన్ని మాత్రమే స్పిరిట్ దీపం మీద కాచాలి. నాళిక మూతి మన మొహం వైపు ఉండకూడదు, ఒక్కసారిగా పొంగుతుంది. పైన తెల్లమబ్బు కమ్మితే రెండు మూడు చుక్కల తెల్ల వెనిగర్ వేయాలి. మబ్బు విడిపోతే అది ఫాస్ఫేటు, భయం లేదు. అలాగే నిలిస్తే ప్రొటీన్. నాళిక వెనక పేపరు పెట్టి చూస్తే, అక్షరాలు మసగ్గా అయినా చదవగలిగితే 1 ప్లస్. అక్షరాలు కనబడక పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా ఉంటే 3 ప్లస్, 4 ప్లస్. అడుగున కాచని భాగం తేటగా ఉంటుంది కాబట్టి తేడా కంటికే తెలుస్తుంది. మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్పులు సులువేగానీ, డబ్బా మూత తీసి పెడితే మన ఎండలకూ తేమకూ చెడిపోతాయి. నాకు 24వ రోజు నాళిక తేటగా వచ్చింది. దీనితోబాటు రోజూ పరగడుపున, మూత్రానికి వెళ్ళొచ్చాక బరువు చూసుకోవాలి. రెండు రోజుల్లో కిలో పెరిగితే అది కొవ్వు కాదు, నీళ్ళు.

తేటగా వచ్చింది కదా అని చాలామంది మందు ఆపేసేది సరిగ్గా ఇక్కడే. మూడు నాలుగు వారాలు స్టెరాయిడ్ పడ్డాక సొంత అడ్రినల్ గ్రంథి పని మానేసి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, లేస్తే కళ్ళు తిరగడం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మోతాదు మెల్లగా తగ్గించడానికి నాకు రాసిచ్చిన దింపుడు ఇది: 60 మిల్లీగ్రాములు ఆరు వారాలు. తర్వాత 50, 40, 30, 20, 15, 10, 7.5, 5, 2.5, ఒక్కోటి రెండు వారాలు. మొత్తం 24 వారాలు. 60 నుంచి 20 దాకా పదేసి దిగినా ఒంటికి పట్టలేదు. అసలు కష్టం 7.5 దిగువనే, ఎందుకంటే ఒంట్లో రోజూ తయారయ్యే కార్టిసాల్ దాదాపు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కి సమానం. అక్కడినుంచి గ్రంథి తనంతట తాను లేవాలి. కీళ్ళ నొప్పులు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండు మూడు వారాలుంటాయి. జబ్బు తిరగబెట్టిందని కంగారుపడక్కర్లేదు, నాళిక తేటగా ఉంటే అది దింపుడు బాధే. కళ్ళు తిరుగుతుంటే, వాంతులవుతుంటే మాత్రం డాక్టరు దగ్గరికే.

20 మిల్లీగ్రాముల మోతాదు మీద ఉన్నప్పుడు ఒక మందుల షాపులో స్టాకు లేదని డెఫ్లజాకార్ట్ 6 స్ట్రిప్పు చేతిలో పెట్టి, "అదే రకం అన్నా, మూడేసుకో, 18 అయితాది, దగ్గరే కదా" అన్నాడు కుర్రాడు. దగ్గర కాదు. ప్రెడ్నిసొలోన్ 5కి డెఫ్లజాకార్ట్ 6 సమానం, మిథైల్ ప్రెడ్నిసొలోన్ అయితే 4, డెక్సామెథాసోన్ అయితే 0.75. లెక్కన 20కి 24 కావాలి. 18 అంటే చెప్పకుండా 15కి దించినట్టు. స్ట్రిప్పు తిరిగిచ్చేశాను. పేరూ మిల్లీగ్రాములూ రెండూ చదవందే డబ్బులివ్వకండి. పల్లెల్లో కీళ్ళ నొప్పులకు పొట్లాల్లో అమ్మే పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపి ఉండటం కొత్తేం కాదు, రెండో రోజుకే నొప్పి మాయమైతే అనుమానించాలి.

మొహం గుండ్రమవడం, మెడ వెనక కొవ్వు, మొటిమలు మందు తగ్గేకొద్దీ పోతాయి. తొడల బలం పోవడం అంత సులువుగా గమనించరు. నేల మీద కూర్చుని చేయి ఆనించకుండా లేవగలుగుతున్నారా అని వారానికొకసారి చూసుకుంటే తెలిసిపోతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, మొక్కు ఉన్నా దింపుడు పూర్తయి తొడలు కుదుటపడేదాకా బస్సే మేలు. గజ్జల్లో నొప్పి వచ్చి నడిస్తే ఎక్కువైతే తుంటి ఎముక ఎమ్మారై చేయించాలి, రక్తం అందక ఎముక చచ్చిపోయే ప్రమాదం స్టెరాయిడ్‌కి ఉంది. కాల్షియం, విటమిన్ డి మొదటి రోజునుంచే ఇస్తారు, మానొద్దు.

మాత్రలు ఆగిపోయాక కూడా ఒక ఏడాదిపాటు పన్ను పీకించుకున్నా, ఆపరేషన్ అయినా, గట్టి జ్వరమొచ్చినా స్టెరాయిడ్ వాడిన సంగతి ముందే చెప్పాలి. అలాంటప్పుడు ఒంటికి కావలసిన అదనపు కార్టిసాల్ గ్రంథి ఇవ్వలేకపోవచ్చు, హైడ్రోకార్టిసోన్ సూది అవసరం పడొచ్చు. ఈ జబ్బు జలుబు చేసినప్పుడే ఎక్కువగా తిరగబెడుతుంది. అందుకని ముక్కు కారితే చాలు, నేను వెనిగర్ సీసా, నాళిక బయటికి తీస్తాను. వరసగా మూడు రోజులు 3 ప్లస్ వస్తేనే డాక్టరుకి ఫోను.