తిరునాళ్ల పాచికలు, మాండవి ఓడ: నా గోవా ప్రయాణం

మా ఆవిడ నా ఏటీఎం కార్డులు రెండూ కందిపప్పు డబ్బాలో పెట్టి మూత బిగించింది. "ఫోన్లో డబ్బులు పంపేది కూడా తీసేయండి" అంది. తన ఎదురుగానే ఆ యాప్ తీసేశాను. తర్వాత 40,000 రూపాయలను ఎనిమిది కవర్లలో, కవరుకు 5,000 చొప్పున పెట్టి, వాటి మీద నంబర్లు వేసి ఇచ్చింది. రాత్రికి నాలుగు కవర్లు, మొత్తం రెండు రాత్రులు. ఒక్కసారైనా గోవా కాసినోలో కూర్చుని ఆడాలన్న నా పదేళ్ళ కోరికకు ఇంట్లో దొరికిన అనుమతి ఇదీ. నాకు న్యాయంగానే అనిపించింది.

మాది టంగుటూరు పక్కన పల్లె. పొగాకు వేస్తాను. పేక అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. పెళ్ళిళ్ళలో తెల్లవార్లూ పదమూడు ముక్కలు పంచుకుని కూర్చునే బ్యాచ్‌లో నేనుంటాను. రమ్మీలో నేర్పుదే పెద్ద పాత్ర అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే గానీ, మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. డబ్బు పెట్టి తోటలోనో, గోడౌన్‌లోనో కూర్చుంటే పోలీసులు వస్తారన్న భయం మనసులో ఒక మూల ఉంటూనే ఉంటుంది. ఆ భయం లేకుండా, దాక్కోకుండా, నా డబ్బుతో నేను ఆడుకోవాలి. అదీ నా కోరిక.

2024లో పొగాకు ధర బాగా పలికింది. బేళ్ళన్నీ అమ్ముడయ్యాక ఆగస్టులో బయల్దేరాం, నేనూ మా బావమరిదీ. వాడికి కందుకూరులో పురుగుమందుల షాపు ఉంది. ఒంగోలు నుంచి బస్సులో మార్కాపురం వెళ్ళి, రాత్రి మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అది గిద్దలూరు, నంద్యాల, గుంతకల్లు, హుబ్బళ్ళి మీదుగా గోవాలోని వాస్కో దాకా పోతుంది. చెన్నై వెళ్ళి విమానం ఎక్కుదామన్నాడు మా వాడు. ఆ డబ్బుతో ఇంకో మూడు నెలలు పాలు వస్తాయన్నాను. మర్నాడు పగలు క్యాజిల్ రాక్ దాటాక ఘాట్‌లో రైలు మెల్లగా దిగింది. వానాకాలం కాబట్టి దూద్‌సాగర్ జలపాతం నిండుగా దూకుతోంది. తుంపర బోగీ లోపలికి కొట్టింది. కాసినో సంగతి పక్కన పెట్టినా, ఆ ఒక్క దృశ్యానికే ఆ ప్రయాణం చెయ్యొచ్చు.

పనాజీలో మాండవి నది మీద ఓడలు లైట్లతో వెలిగిపోతుంటాయి. అవి నీళ్ళ మీదే ఎందుకున్నాయో నాకు అక్కడికెళ్ళాకే తెలిసింది. గోవా జూద చట్టం 1976 నాటిది. దానికి తర్వాత చేసిన సవరణల ప్రకారం నేల మీద స్టార్ హోటళ్ళలో మెషీన్ ఆటలకే అనుమతి ఉంది. మనిషి ఎదురుగా నిలబడి పేక పంచే ఆట ఓడలోనే జరగాలి. గోవా వాళ్ళను ఆడటానికి లోపలికి రానివ్వరు, 21 ఏళ్ళు నిండాలి. అందుకే గేటు దగ్గర ఆధార్ అడుగుతారు. ఒరిజినల్ పట్టుకెళ్ళండి. నిక్కర్లు, హవాయి చెప్పులతో వచ్చిన కుర్రాళ్ళను మా ముందే వెనక్కి పంపారు. గట్టు నుంచి చిన్న పడవలో ఓడ దగ్గరికి తీసుకెళ్తారు.

వెళ్ళాలనుకునేవాళ్ళు రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. ఒకటి, టికెట్‌లో భోజనంతో పాటు కొన్ని చిప్పులు, అంటే డబ్బుకు బదులు బల్ల మీద పందెం పెట్టే బిళ్ళలు, ఇస్తామంటారు. అవి చాలావరకు ఒక్కసారి ఆడటానికే పనికొస్తాయి, నేరుగా నగదుగా మారవు. గెలిస్తే వచ్చే చిప్పులే మనవి. రెండు, జీఎస్టీ. ప్రవేశం మీద ఉన్న 28 శాతమే 2023 అక్టోబరు 1 నుంచి మనం కొనే చిప్పుల పూర్తి విలువ మీదా పడింది. మేం కట్టింది అదే. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. గెలిచిన చిప్పులతో మళ్ళీ ఆడితే దాని మీద పన్ను ఉండదు. మనం ఇచ్చిన డబ్బుకు చేతికి ఎన్ని చిప్పులొస్తాయో కౌంటర్‌లో అడిగి తెలుసుకున్నాకే డబ్బు ఇవ్వండి. ఇవి కాక, గెలిచినదాని మీద ఆదాయపు పన్ను 30 శాతం. ముందు రోజు పోగొట్టుకున్నదాన్ని అందులోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు.

మొదటి రాత్రి మూడు కవర్లు విప్పాను. ముందు కూర్చున్నది లోనా బయటా ఆటకే. అక్కడ దాన్ని అందర్ బాహర్ అంటారు. మా ఊరి రామాలయం అరుగు మీద చింతపిక్కలతో ఆడిన ఆటే. జోకరు తిప్పి, లోపలా బయటా మార్చి మార్చి ముక్కలు వేస్తారు, ఆ అంకె లోపల పడుతుందా బయట పడుతుందా అన్నదే పందెం. చిన్నప్పుడు రెండూ సమానమనుకునేవాణ్ణి. కానీ ముక్క ముందు ఏ వైపు పడటం మొదలవుతుందో ఆ వైపుకు కాస్త మొగ్గు ఉంటుంది, నూటికి 51.5. అందుకే ఆ వైపు గెలిస్తే వందకు 90 ఇస్తారు, రెండో వైపైతే వందకు వంద. ఎటు పెట్టినా ఓడ వాటా ఓడకు పోతుంది. ముందు పడే వైపు పెడితే వందకు సుమారు 2 రూపాయలు, రెండో వైపు 3. ఈ లెక్క నాకు ముందే తెలుసు. తెలిసి కూడా వరసగా నాలుగుసార్లు లోపల పడగానే "ఇక బయటే" అని మనసు లాగింది. పేకకు గతం గుర్తుండదని నాకు నేను చెప్పుకుంటూ, చేతిని బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత బ్లాక్‌జాక్. నాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే ఇందులో మన నిర్ణయానికి విలువ ఉంది. చేతిలో ముక్కల మొత్తం 21 దాటకుండా, పేక పంచే డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాలి. భాష రాదని భయపడాల్సిన పని లేదు. ఇంకో ముక్క కావాలంటే వేలితో బల్ల మీద తట్టాలి, వద్దంటే అరచెయ్యి అడ్డంగా ఊపాలి. ముక్కల్ని మనం ముట్టుకోకూడదు. నాకొచ్చే హిందీ "కిత్నా", "బస్" దగ్గర ఆగిపోతుంది, అయినా రాత్రంతా ఇబ్బంది పడలేదు. డీలర్‌కు 4, 5, 6 కనిపిస్తున్నప్పుడు నా దగ్గర 12 ఉన్నా ఆగిపోయేవాణ్ణి. ఎందుకంటే మిగతా ముక్కలతో పోలిస్తే అప్పుడు డీలర్ 21 దాటిపోయే అవకాశం ఎక్కువ. అదే డీలర్‌కు పది ఉండి నాకు 16 వస్తే, గుండె దడదడలాడినా ముక్క అడగాల్సిందే. పక్కనున్న పెద్దాయన ప్రతిసారీ ఇన్సూరెన్స్ అని అదనంగా పెడుతున్నాడు. డీలర్‌కు ఆసు వచ్చినప్పుడు కింద ముక్క పది అయితే రెండింతలు ఇస్తారు. కానీ 52 ముక్కల్లో పది విలువ ఉన్నవి 16. మూడింట ఒక వంతు కూడా లేవు. ఆయనకు చెబుదామని నోటిదాకా వచ్చింది. బల్ల దగ్గర పెద్దవాళ్ళకు చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రాత్రి నాలుగో కవరు విప్పలేదు. లేచేసరికి చేతిలో 11,800 ఉంది. మా బావమరిది 6,000 లాభంలో ఉన్నాడు. వాడికి నిద్ర పట్టలేదు.

రెండో రాత్రి పాచికలు చూశాను. గాజు బుడగలో మూడు పాచికలు ఉంటాయి. అవి ఎగిరి పడతాయి. మొత్తం పదకొండు నుంచి పదిహేడు వస్తే పెద్ద, నాలుగు నుంచి పది వస్తే చిన్న. మూడూ ఒకే అంకె పడితే ఆ రెండు పందేలూ పోతాయి. ఒక్క అంకె మీద కూడా పెట్టొచ్చు. అది ఒక పాచిక మీద పడితే రూపాయికి రూపాయి, రెండింటి మీద పడితే రెండు, మూడింటి మీద పడితే మూడు. ఆ రేట్ల బోర్డు చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇది నాకు తెలిసిన ఆట.

నాకు పదేళ్ళప్పుడు మా ఊరి తిరునాళ్లలో, ప్రభల వెనక పెట్రోమాక్స్ లైటు కింద ఒకాయన గుడ్డ పరిచి గుండాట ఆడించేవాడు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, జెండా, కిరీటం, ఇవీ ఆరు బొమ్మలు. డబ్బాలో మూడు పాచికలు. రేట్లు కూడా ఇవే, రూపాయికి రూపాయి, రెండు, మూడు. మా అమ్మ మట్టిగాజులు తెమ్మని పది రూపాయలిచ్చింది. ఆరు బొమ్మలు, మూడు పాచికలు, అంటే సగం సగం కదా అనుకున్నాను. జెండా మీద పెట్టాను. పది రూపాయలూ పోయాయి. ఇంటికొచ్చి జేబులోంచి జారిపోయాయని అబద్ధం చెప్పాను. అమ్మ నా నిక్కరు తిరగేసి చిల్లు కోసం వెతికింది. దొరక్కపోయినా జేబు చుట్టూ గట్టిగా ఇంకో కుట్టు వేసింది.

ఆ ఓడలో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, టిష్యూ కాగితం మీద లెక్క వేశాను. మూడు పాచికలు 216 రకాలుగా పడొచ్చు. అందులో 125 సార్లు నేను కోరుకున్న బొమ్మ అసలు కనిపించదు. 75 సార్లు ఒకటి, 15 సార్లు రెండు, ఒకే ఒక్కసారి మూడూ పడతాయి. రూపాయి చొప్పున 216 సార్లు పెడితే గెలిచేది 75, 30, 3 కలిపి 108. పోయేది 125. తేడా 17 రూపాయలు. వందకు దాదాపు 8. అదే పెద్ద, చిన్న మీదైతే 105 సార్లు గెలుపు, 111 సార్లు ఓటమి, పోయేది 6 రూపాయలే. నలభై ఏళ్ళు నా బుర్రలో నలిగిన ఆ "సగం సగం" ఎక్కడ తప్పిందో ఆ కాగితం మీద కనిపించింది. ఆ గుడ్డ పరిచినాయన మోసం చేసి ఉంటాడని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. చెయ్యాల్సిన అవసరమే లేదు ఆయనకు.

అయినా ఐదు అంకె మీద వంద పెట్టాను. రెండు పాచికల మీద ఐదు పడింది. పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేసి చెప్పను. పాచికలు ఎగిరి ఇంకా ఆగని ఆ రెండు మూడు క్షణాలు ఎంత బాగుంటాయో, ఆడేవాడికే తెలుస్తుంది. ఆ తర్వాత గంటన్నరలో పెద్ద, చిన్న మధ్య తిరిగి, బ్లాక్‌జాక్‌లో వరసగా ఏడు చేతులు ఓడి, 3,600తో లేచాను.

ఎనిమిదో కవరు ఇంకా జేబులో ఉంది. అప్పుడొచ్చాడు మా బావమరిది. నిన్నటి లాభం పోయింది. తన డబ్బు పోయింది. ఫోనులోంచి 18,000 తీసి అదీ పోగొట్టుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"బావా, ఒక్క కవరియ్యి. పోయింది రాగానే ఇచ్చేస్తా."

"ఈ కవరు నాది కాదురా, మీ అక్కది."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. నేను ఫోను ఇమ్మన్నాను. మొదట ఇవ్వలేదు. భుజం మీద చెయ్యి వేసి డెక్ మీదకు తీసుకెళ్ళాను. వాన పడుతోంది. అక్కడ ప్లేట్లో అన్నం, పప్పు పెట్టించుకుని ఇద్దరం నిలబడే తిన్నాం. సగం అన్నం తిన్నాక ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. వాడి దగ్గర కూడా ఆ యాప్ బయల్దేరకముందే తీయించాల్సింది, అది నా తప్పు. రాత్రి ఒంటిగంట పడవలో గట్టుకు వచ్చేశాం.

ఇంటికొచ్చాక మా ఆవిడ లెక్క చూసింది. మొదటి రాత్రి మిగిలింది, రెండో రాత్రి మిగిలింది, విప్పని రెండు కవర్లు కలిపి 25,400. పన్నుతో సహా పోయింది 14,600. పొగాకు లెక్కలు రాసే పుస్తకంలోనే ఒక పేజీలో రాసుకుని, కందిపప్పు డబ్బాలోంచి కార్డులు తీసి, పప్పు దులిపి ఇచ్చింది. తమ్ముడి సంగతి నేనే చెప్పాను. ఆ వారం కందుకూరు వెళ్ళి రెండు రోజులు వాళ్ళింట్లో ఉండి వచ్చింది.

మా అమ్మకిప్పుడు 76. సాయంత్రం వసారాలో కూర్చుని ఉంటే, సంచిలోంచి టిష్యూ కాగితం తీసి గుండాట సంగతి, పది రూపాయల సంగతి, నిక్కరు జేబు సంగతి మొత్తం చెప్పాను. లెక్క ఆమెకు అక్కర్లేదు. కాగితం పక్కన పెట్టి అడిగింది.

"అందుకేనా ఆ రాత్రి అరిసెలు పెట్టినా తినకుండా పడుకున్నావు?"