గూడూరు అభ్రకం, బెంగళూరు టేపు

నెల్లూరు బస్సు తెల్లారేసరికి మెజస్టిక్‌లో దింపింది. ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ఓపెన్ డే, అంటే ల్యాబులు జనానికి చూపించే రోజు. ఆ పేరు చెబితే ఆటోవాళ్లకు తెలియదు, టాటా ఇన్‌స్టిట్యూట్ అనాలి. అన్నాక 350 అడిగారు. 2025లో చార్జీలు పెంచాక మెట్రో కూడా చౌకేమీ కాదు. అయినా అదే ఎక్కి, శాండల్ సోప్ ఫ్యాక్టరీ దగ్గర దిగి నడిచాను.

మిగతా స్టాళ్లేవీ సరిగా చూడలేదు. నానో విభాగం వాళ్ల బల్ల దగ్గరే పొద్దు గడిచిపోయింది. దాని మీద సీసం రంగులో, ముట్టుకుంటే జిడ్డుగా తగిలే చిన్న స్ఫటికం: మాలిబ్డినం డైసల్ఫైడ్. మా గూడూరు అభ్రకమే గుర్తొచ్చింది. గోరు దూరిస్తే రేకులు రేకులుగా లేచేది. ఇదీ అంతే: పొర లోపల బంధాలు గట్టివి, పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువ. ఒక్కో పొర 0.65 నానోమీటర్లు.

బల్ల దగ్గరున్న పరిశోధక విద్యార్థినిది అనంతపురం. "మీరే ఒలవండి సార్" అని టేపు చేతికిచ్చింది.

స్ఫటికాన్ని టేపుకు అద్ది, మడిచి, మెల్లగా విప్పాలి. నాలుగైదుసార్లు చాలు, ఎక్కువైతే రేకులు నలిగి పొడి అవుతాయి. కింద పెట్టే ముక్క 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న సిలికానే. ఆ మందం దగ్గర కాంతి వ్యతికరణం వల్ల ఒంటిపొర సూక్ష్మదర్శినిలో కంటికి ఆనుతుంది. ముక్కను అసిటోన్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, నైట్రోజన్ ఊది, టేపు నొక్కి, 100 డిగ్రీల పలక మీద రెండు నిమిషాలు ఉంచాలి. మధ్యలో చిక్కిన తేమ పోయి పట్టు పెరుగుతుంది. చల్లారాక టేపు తీయాలి. నేను విసురుగా లాగాను, జిగురే మిగిలింది. రెండోసారి లేత నీలపు మచ్చ దొరికింది. లేజర్ వేసి, చెదిరి వచ్చే కాంతిని చూసే రామన్ పరీక్షలో దాని రెండు శిఖరాల మధ్య దూరం 19 cm⁻¹ దాకా వస్తే ఒంటిపొర, 25 వస్తే దళసరి.

ఇంత తిప్పలు ఎందుకంటే, చిప్పుల్లో స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్ల కోసం సిలికాన్‌ను మూడు, నాలుగు నానోమీటర్ల కన్నా పలచన చేస్తే ఉపరితలపు గరుకుకు తగిలి ఎలక్ట్రాన్లు నెమ్మదిస్తాయి. ఈ పొరకు పైనా కిందా తెగిన బంధాలు ఉండవు. 2004లో మాంచెస్టర్‌లో టేపుతోనే ఒలిచిన గ్రాఫీన్‌కు (కార్బన్ ఒంటిపొర) బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్లు దాటాల్సిన శక్తి అంతరం, లేదు, స్విచ్ ఆరదు. దీనికి 1.8 ఎలక్ట్రాన్ వోల్టులు ఉంది.

టేపుతో వేఫర్ (చిప్పులు చేసే గుండ్రటి పలక) నిండదు. క్వార్ట్జ్ గొట్టంలో మాలిబ్డినం ఆక్సైడ్‌ను 700 డిగ్రీలు దాటించి, గంధకాన్ని విడిగా, తక్కువ వేడిలో ఆవిరి చేసి, ఆర్గాన్‌తో నెట్టి పెంచుతారు. గంధకం చాలకపోతే ఆక్సైడే మిగులుతుంది. త్రికోణాలుగా పెరిగిన రేకులు కలిసే అతుకుల్లో ప్రవాహం దెబ్బతింటుంది.

అసలు తలనొప్పి, పొరలోకి కరెంటు పంపే లోహపు కాంటాక్టు. వేడి లోహపు అణువులు పడితే గంధకం బంధాలు తెగుతాయి, నిరోధం పెరుగుతుంది. 2021లో బిస్మత్ వాడి దాన్ని 123 ఓమ్-మైక్రోమీటర్లకు దించారు. పి-రకం ట్రాన్సిస్టర్లకు (వాటిలో ప్రవాహాన్ని ధనావేశపు ఖాళీలు మోస్తాయి) టంగ్‌స్టన్ డైసెలినైడ్ కావాలి. మాలిబ్డినం డైసల్ఫైడ్, ఇది, ఈ రెండిటితో 2025లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చేసిన కంప్యూటర్ 25 కిలోహెర్ట్జ్ వేగంతో నడిచింది. మన ఫోన్లు గిగాహెర్ట్జ్‌లలో నడుస్తాయి. సిలికాన్ పని అయిపోయిందని రాసే పత్రికలు ఈ అంకె కూడా వేయాలి.

నా మచ్చ ఎక్కడుందో ఆ అమ్మాయి కాగితం మీద బొమ్మ గీసి, మూల నుంచి కొలతలు రాసుకుంది. గుర్తు పెట్టకపోతే మళ్లీ వెతకడానికి పూట పడుతుందట.