సతోపంథ్ మీద తాడు లెక్కలు

మేం ఎక్కడానికి వెళ్లింది ఉత్తరాఖండ్‌లోని సతోపంథ్ శిఖరం. గంగోత్రి నుంచి గోముఖ్ 18 కిలోమీటర్లు. భోజ్‌బాసా మీదుగా అక్కడిదాకా యాత్రికులు నడిచే దారే, కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. గోముఖ్ దాటాక దారి అంటూ ఉండదు. హిమనదాన్ని కప్పేసిన రాళ్లగుట్టల మధ్య, ముందు వెళ్లినవాళ్లు పేర్చిన రాళ్ల గుర్తులు పట్టుకుని నందన్‌వన్ చేరాలి. గఢ్వాలీలు హిమనదాన్ని ‘బామక్’ అంటారు. చతురంగి బామక్ గంగోత్రి బామక్ వైపు దిగేది ఈ నందన్‌వన్ దగ్గరే. చతురంగి అంచునే నడిచి వాసుకి తాల్ దగ్గర, సుమారు 4,900 మీటర్ల ఎత్తున బేస్ క్యాంప్ వేశాం.

సతోపంథ్ ఎత్తు 7,075 మీటర్లు. గంగోత్రి ప్రాంతంలో దీన్ని మించింది చౌఖంబా ఒక్కటే. 1947లో స్విస్ బృందం మొదటిసారి ఎక్కింది, అందులో టెన్జింగ్ నార్గే కూడా ఉన్నాడు. అనుమతి ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ నుంచి తీసుకున్నాం. మేం వెళ్లింది సెప్టెంబరులో. మే, జూన్‌లో హిమనదంలోని లోతైన పగుళ్ల మీద మంచు మందంగా కప్పి ఉంటుంది, పైనుంచి చూస్తే అంతా చదునే. సెప్టెంబరుకి ఆ కప్పు పల్చబడి చాలా పగుళ్లు బయటపడతాయి. బదులుగా శిఖరపు గట్టు మీద నీలం ఐసు తేలుతుంది, తాడు కట్టుకోవడానికి ఐసులోకి తిప్పి దించే ఐస్ స్క్రూలు ఎక్కువ మోయాలి. మా ఓటు సెప్టెంబరుకే.

పర్వతారోహణలో అడ్వాన్స్ కోర్సు చేసినవాళ్లమే అయినా, గైడ్ బేస్ క్యాంపులో ఒక రోజంతా మందపాటి చేతి తొడుగులతోనే పనిచేయించాడు. కట్టి ఉంచిన తాడు మీద జుమార్‌తో, అంటే పళ్లతో తాడును పట్టి పైకి మాత్రమే జరిగే పిడితో, పైకి పోవడం అందరికీ వచ్చు. యాంకర్ (తాడును మంచుకి బిగించిన చోటు) దగ్గర తాడు మారడం, అదీ దిగేటప్పుడు మారడం, చాలామందికి సరిగ్గా రాదు. పద్ధతి ఒకటే: నడుం పట్టీకి కట్టిన సేఫ్టీ కారబైనర్ (మూసుకునే లోహపు కొక్కెం) యాంకర్‌కి అవతలి తాడుకి వేశాకే జుమార్ విప్పాలి, జుమార్ అవతల పడ్డాకే ముందుకు కదలాలి. ఏ క్షణంలోనూ రెండూ విప్పి ఉండకూడదు. చలికి వేళ్లు మొద్దుబారి, వెనక నలుగురు ఆగి ఉన్నప్పుడు ఈ వరస తప్పుతుంది. జుమార్ పళ్లలో మంచు ఇరుక్కుంటే నోటితో ఊదొద్దు, ఆ తేమే గడ్డకడుతుంది. చిన్న బ్రష్షు జేబులో ఉంచుకోవడం మేలు.

హిమనదం మీద 50 మీటర్ల తాడుకు ముగ్గురం. మనిషికీ మనిషికీ మధ్య 12 మీటర్లు, రెండు చివర్లలో 13 మీటర్ల చొప్పున చుట్ట. ఇద్దరే నడవాల్సి వస్తే 60 మీటర్ల తాడు కావాలి: మధ్యన 15, చివర్లలో 22న్నర చొప్పున. ఇద్దరున్నప్పుడు మధ్య తాడుకి బటర్‌ఫ్లై ముడులు (తాడు నడుమ వేసే ఉచ్చు ముడులు) వేస్తారు. ఒకరు పడితే ముడి పగులు అంచులో గుచ్చుకుని ఆపుతుంది. చిక్కేమిటంటే, అవే ముడులు, లాగడానికి కట్టే కప్పీలోంచి జారవు. అందుకే పడినవాణ్ని లాగడానికి చివరి చుట్ట విప్పి వేరే కొస కిందికి వదలాలి. చుట్ట పొడుగ్గా ఉంచేది అందుకే.

ఎక్కువగా కనబడే తప్పు, తాడు చుట్టను చేతిలో పట్టుకుని నడవడం. రెండు మీటర్ల వదులు చాలు, పడేవాడు ఊపందుకుంటాడు, పైవాణ్ని కూడా ఈడ్చుకుపోతాడు. తాడు మంచుకి రాసుకుంటూ ఉండాలి గానీ కుప్పపడకూడదు. పగుళ్లకు అడ్డంగా దాటాలి. వాటి వెంబడే నడిస్తే ముగ్గురూ ఒకే కప్పు మీద ఉండే ప్రమాదముంది. పడినవాణ్ని లాగే ముందు అంచున, తాడు కింద మంచుగొడ్డలి పెట్టి, అది జారిపోకుండా కట్టాలి. లేకపోతే తాడు అంచులోకి కోసుకుపోతుంది, లాగే బలాన్ని మూడింతలు చేసే కప్పీ కట్టినా మనిషి అంగుళం కదలడు.

యాంకర్‌కి వాడింది 60 సెంటీమీటర్ల స్నో బార్లు, అంటే మంచులో దిగ్గొట్టే అల్యూమినియం కడ్డీలు. గట్టి మంచులో నిలువుగా దిగ్గొట్టొచ్చు, కొద్దిగా వెనక్కి వాల్చి. మెత్తటి మంచులో మాత్రం అడ్డంగా పాతిపెట్టాలి. బారు నడుముకి స్లింగ్ (పట్టీ ఉచ్చు) కట్టి, ఆ స్లింగ్ బయటికి రావడానికి లాగే దిశలోనే సన్నటి కాలువ కొయ్యాలి. ఆ కాలువ కొయ్యకపోతే స్లింగ్ బారును పైకి లేపేస్తుంది.

మొదటి, రెండో క్యాంపుల మధ్య ఉన్నది పేరుమోసిన కత్తిగట్టు, కత్తి అంచంత సన్నటి మంచు గట్టు. రెండు వైపులా పాతాళమే. ఇక్కడ యాంకర్లు దగ్గరదగ్గరగా వేసి తాడు బిగించి కట్టాలి. తాడు వేలాడితే, జారినవాడు గోడ మీదికి లోలకంలా ఊగుతాడు. రెండు యాంకర్ల మధ్య తాడు ముక్క మీద ఒకరే ఉండాలి. పక్కనే పాత తాళ్లు కనిపిస్తాయి. ఎండకు వెలిసి, పైపొర గట్టిపడి ఉంటాయి. వాటిని ముట్టుకోలేదు, వేరే దిక్కు లేకపోయినా ముట్టుకోకూడదనే మా అభిప్రాయం.

అర్ధరాత్రి బయల్దేరేది చల్లదనం కోసమే. పొద్దెక్కితే స్నో బారు అల్యూమినియం వేడెక్కి తన చుట్టూ మంచు కరిగించుకుంటుంది. తెల్లవారుజామున కదలని బారు మధ్యాహ్నానికి చేతికొస్తుంది. పైన మంచు కప్పి తొక్కితే కొంత ఆలస్యమవుతుంది, అంతే. శిఖరం ఎంత దగ్గరలో కనబడినా ఉదయం 11కి వెనుదిరగాలన్న గడువు పెట్టుకున్నది ఈ గట్టు కోసమే.

దిగేటప్పుడు చివరివాడి పని బార్లు ఊడబెరకడం. పైకి లాగితే రావు. బారు తలను అటూ ఇటూ పక్కకి కొట్టి, చుట్టూ చోటు చేసి, అప్పుడు లాగాలి. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టింది. దిగే సమయం లెక్కేసుకున్నప్పుడు దీన్ని ఎవరూ కలుపుకోరు, మేమూ కలుపుకోలేదు. మొదటి క్యాంపు చేరేసరికి చీకటి పడింది.